పద్నాలుగు-పదిహేను

చీమకుర్తి క్వారీ టిప్పర్లు రోడ్డున పోయినప్పుడల్లా
మా టూల్ రూములో పానాలు మేకుల మీద కదులుతాయి.
ముప్పై ఒక్క ఏళ్లుగా వింటున్నాను ఆ చప్పుడు.
నాకు ఇంజను విప్పడం రాదు.
ఇవ్వడం, రాసుకోవడం, తిరిగి తీసుకోవడం,
ఈ ఐటీఐలో అంతే నా విద్య.

చేరిన కొత్తలో చిట్టాలో ఇంటిపేర్లు
నాలుగైదే తిరిగి తిరిగి వచ్చేవి.
కలం చూడకుండానే రాసేది.
పాఠం చెప్పేవాళ్లూ ఆ నాలుగైదు ఇళ్లవాళ్లే,
మీసం కొలతలో తప్ప తేడా లేదు.

ఇప్పుడు ఆగి, అడిగి, రాయాలి.
కొత్తపట్నం పల్లెపాలెం పామంజి నాగూరమ్మ:
నడిసముద్రంలో పడవ మోటారు ఆగితే
తాడు లాగీ లాగీ నాయన అరచేతులు పగిలాయట,
ఇదేందో తేల్చుకుందామని వచ్చింది.
సర్కారు పంపిన కవరాలు నలభై సైజు,
కాళ్ల దగ్గర నాలుగు మడతలు.
వల్లెపు తిరుపాలు:
తండ్రి రాయి కొడతాడు, వీడు ఆ రాయి మోసే బండి విప్పుతాడు.
పంక్చర్ల కొట్టు ఖాదర్ మనవరాలు మస్తాన్‌బీ
బురఖా మడిచి నా సొరుగులో పెట్టమంటుంది.
దాన్నీ రాసుకుంటాను: బురఖా, ఒకటి.
దోర్నాల అవతల గూడెం నుంచి కుడుముల గురవయ్య
చప్పుడు విని ఇంజను రోగం చెబుతాడు.
"తేనెపట్ల దగ్గర నేర్చావా అబ్బాయ్?" అని నవ్వాడొక సారు.
"కాదు సార్, మా ఊరికొచ్చే ఒకే ఒక్క బస్సు దగ్గర."

ఇంతదాకా విని నన్ను మంచోడనుకోవద్దు.

రెండువేల మూడు. తుపాకుల పోలయ్య.
కాలవగట్టు యానాది సంఘం.
అందరి పానాలూ ఒకసారి లెక్కపెట్టేవాణ్ణి,
వాడివి రెండుసార్లు.
అట్లా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.
పద్నాలుగు-పదిహేను రింగు పానా కనపడని సాయంత్రం
వాడి సంచి బోర్లించారు.
ఒక సద్దిగిన్నె, ఒక నోటుబుక్కు,
అందులో ఫ్యూయల్ పంపు బొమ్మ
అచ్చు పుస్తకంలో దానికంటే బాగా.
నేను గుమ్మంలోనే ఉన్నాను.
చూస్తూనే ఉన్నాను.
మర్నాటి నుంచి వాడి పేరు ఎదురుగా
సున్నాలు, సున్నాలు, తర్వాత ఒక అడ్డగీత.

ఎనిమిది నెలలకు
పాత లేలాండు ఛాసిస్ సందులో దొరికిందది,
ఎవడు పెట్టి మరిచాడో, గ్రీజులో మునిగి.
సైకిలేసుకుని కాలవగట్టుకు పోయాను.
చేపల గుంటల కాపలాకు పోయినారన్నారు.
ఏ గుంటలు?
ఎన్ని లేవు సార్, సముద్రం దాకా అవే కదా.

ఆ పానాను మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.
చివరి మేకు దానిది.
స్టాకు తనిఖీకి వచ్చినవాళ్లకు
అరిగిపోయిందని చెప్పేవాణ్ణి.

మొన్న సోమవారం డీజిల్ సెక్షనుకు
బదిలీ మీద వచ్చింది దారా రూతు మేడం.
పోలయ్య బ్యాచే.
అప్పుడు నలభై మందిలో ఒక్కతే ఆడపిల్ల;
మూత్రానికి బస్టాండు దాకా నడిచిన పిల్ల.
వచ్చీరాగానే పాత బ్యాటరీ గది ఖాళీ చేయించి
ఆడపిల్లలకు గడియ బిగించింది,
తనే, నాలుగు స్క్రూలూ.
తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చి
మేకుల వరుసంతా చూసింది.
"ఆ చివరిది ఇవ్వండి."
"వాడుకలో లేదమ్మా అది."
"అరగలేదే సార్."
ఇంకేమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.

గురవయ్య పేరున రాశాను.

సాయంత్రం వాడు పానాలన్నీ గుడ్డతో తుడిచి
బల్ల మీద పరిచాడు. ఇరవై రెండు.
లెక్కపెట్టాను, సరిపోయాయి.
నా వేలు మళ్లీ మొదటి దాని మీదికి వెళ్లింది,
దానంతటదే.

వాడు వేలినే చూస్తున్నాడు.
వాడి వెనక ఆమె.

బయట టిప్పరేదో పోయింది.
గోడ మీద మేకులన్నీ ఖాళీ,
ఇనుమంతా బల్ల మీదే ఉంది,
వణుకుతూ,
నా వేలి కింద.